పేరు దాచబడిన ప్రధాన శిల్పి

1966వ సంవత్సరము జనవరి 16వ తేదీన మాస్కోలోని ప్రావ్దా పత్రిక, రొమ్మునిండ పతకములు ధరించిన ఒక బలిష్ఠుని ఛాయాచిత్రముతో ఆయన మరణవార్తను ప్రకటించెను. ఆ పత్రికను చేతబట్టిన రష్యను ప్రజలలో పెక్కుమంది ఆ పేరును అంతకుముందు విని యెరుగరు. భూమిచుట్టు తిరిగిన మొదటి ఉపగ్రహమును, చంద్రుని తాకిన మొదటి యంత్రమును, మానవుని మొట్టమొదట అంతరిక్షమునకు గొనిపోయిన నౌకను నిర్మింపజేసినవాడు సెర్గేయ్ పావ్లోవిచ్ కొరొల్యోవ్ అని లోకమునకు ఆనాడు తెలియవచ్చెను. బ్రదికియున్నంతకాలము ఆయన ప్రధాన శిల్పి యను బిరుదము మాటున మరుగుపడియుండెను. ప్రతిపక్ష రాజ్యమైన అమెరికా తన నిపుణుడగు వెర్నర్ ఫాన్ బ్రౌనును ప్రజల యెదుట నిలిపి, టెలివిజనులో మాటలాడించి, ఇంటింటికిని పరిచయము చేసియుండగా, ఆయనతో పోటీపడుచున్నవాడెవడో అమెరికా ప్రజలకును తెలియదు, రష్యా ప్రజలకును తెలియదు.

ఇనుపచేయి గల ప్రభుత్వమే ఇట్టి మహాకార్యములను సాధింపగలదని తలంచువారు మనలో కొందరు లేకపోలేదు. వారు కొరొల్యోవుని చరిత్రను ఒకమారు నిదానముగా చూడవలెనని మేము కోరుచున్నాము.

ఆయన 1907 జనవరి 12వ తేదీన ఉక్రేనియాలోని జితోమిర్ పట్టణమున జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. తల్లి మరియా నిజిన్ పట్టణపు వర్తక కుటుంబమునకు చెందినది. పసితనముననే తలిదండ్రులు విడిపోగా, బాలుడు నిజినులో మాతామహుల యింట పెరిగెను. తండ్రి మరణించెనని అతనికి చెప్పిరి. అది నిజము గాదు. ఆ యూరి సంతకు వచ్చిన ఉతోచ్కిన్ అను వైమానికుడు విమానమును పైకెత్తగా, తాత భుజములపై గూర్చుండి ఆ బాలుడు చూచెనందురు. పిమ్మట తల్లి బలానిన్ అను ఇంజనీరును వివాహమాడినది. 1917లో ఆ కుటుంబము నల్లసముద్రతీరమందలి ఒడెస్సాకు చేరెను. విప్లవము, అంతర్యుద్ధము, కరవు, ఒకదాని వెంట నొకటి ఆ పట్టణమును పీడించెను. అట్టి కాలమున కొరొల్యోవ్ గృహనిర్మాణ వృత్తివిద్యాలయమున పెంకులు కప్పు పని నేర్చెను. పదునేడేండ్ల ప్రాయమున ఇంజను లేని తేలికవిమానమునకు నమూనా గీచెను. ఇంటికప్పు వేయ నేర్చిన చేతులు రెక్కలు కట్టనేర్చుటలో అంత వింతలేదు. రెండింటను కొలతయే ప్రాణము.

కీవులో రెండేండ్లు చదివి, 1926లో మాస్కో ఉన్నత సాంకేతిక విద్యాలయమున జేరెను. అచ్చట విమాననిర్మాతయగు తుపొలెవ్ ఆయన పట్టపరీక్షపు నమూనాకు మార్గదర్శి. 1931లో జాండర్ అను తపస్వితో పరిచయమైనది. అంగారక గ్రహమునకు పోవలెనని ఉబలాటపడుచు జీవితమును ధారపోసిన ఆ మనుజుని చుట్టును కొందరు యువకులు చేరి, మాస్కోలో ఒక భవనపు నేలమాళిగలో రాకెట్టుల శోధన సంఘమును నెలకొల్పిరి. జీతములు లేవు, పరికరములు లేవు. జాండర్ 1933 మార్చిలో విషజ్వరముతో మరణించెను. ఆ యేటి ఆగస్టు 17వ తేదీన, తిఖొన్రావొవ్ గీచిన నమూనా ననుసరించి వారు చేసిన చిన్న రాకెట్టు మాస్కో చెంతనున్న నహాబినోలో సుమారు 400 మీటర్లు లేచెను. మన దీపావళి తారాజువ్వకును దానికిని సూత్రమొక్కటియే. జువ్వలో మందు కూరి నిప్పంటించిన పిమ్మట దానిని అదుపుచేయుట మన వశము గాదు. ద్రవ ప్రాణవాయువును వాడిన ఆ యంత్రములో మంటను హెచ్చించుటకును తగ్గించుటకును దారి యేర్పడెను. పై విశేషములన్నియు ఆ దారిననే వచ్చినవి.

సైన్యాధిపతియగు తుఖచెవ్‌స్కీ ఈ సంఘమును చేరదీసి, 1933 చివర దానిని ప్రభుత్వ పరిశోధనాలయముగా మార్పించెను. 1937 జూనులో స్టాలిన్ ప్రభుత్వము తుఖచెవ్‌స్కీని కాల్పించెను. పోషకుడు ద్రోహియైనపుడు పోషితులు నిర్దోషులగుటెట్లు? 1938 జనవరిలో పరిశోధనాలయాధిపతి క్లెయిమెనొవును, సహాయకుడు లాంగెమాకును కాల్చిరి. మార్చిలో ఇంజనుల నిపుణుడు గ్లుష్కోను పట్టుకొనిరి. జూను 27వ తేదీ రాత్రి కొరొల్యోవ్ యింటికి వచ్చిరి. అప్పుడాయన వయస్సు 31 ఏండ్లు. ఇంట భార్యయు, మూడేండ్ల కూతురును ఉండిరి. పరిశోధనను చెడగొట్టెనని నేరము మోపి, కొట్టి, తప్పొప్పుకొనునట్లు చేసిరి. సహోద్యోగుల చేత బలవంతముగా వ్రాయించుకొన్న మాటలే సాక్ష్యములు. సెప్టెంబరు 27వ తేదీన కొన్ని నిమిషములలో విచారణ ముగిసి, పదేండ్ల కఠినశిక్ష పడెను.

సైబీరియా తూర్పుకొసను కొలిమా యను సీమ కలదు. నేల యెల్లప్పుడును గడ్డకట్టియుండు ఆ సీమలో మల్‌ద్యాక్ అను బంగారు గనికి ఆయనను పంపిరి. అచ్చటికి పోయినవారిలో తిరిగివచ్చినవారు కొద్దిమంది. ఆయనకు చిగుళ్లు వాచి, పండ్లు పెక్కు రాలిపోయెను. నౌకలను నక్షత్రముల దెసకు నడపవలసిన బుద్ధి మట్టి త్రవ్వుటకు వినియోగమైనది. ఇంతలో మాస్కోలో తల్లి మరియా ఊరకుండలేదు. స్టాలినునకు విన్నపములు వ్రాసినది; ప్రసిద్ధ వైమానికులగు గ్రొమొవ్, గ్రిజొదూబొవా అనువారిని ఆశ్రయించినది. వారు భయపడక ఆయన పక్షమున మాటలాడిరి. ఆ దినములలో అది ప్రాణముతో చెలగాటము. వ్యాజ్యము తిరిగి విచారణకు వచ్చి, శిక్ష ఎనిమిదేండ్లకు తగ్గెను. గనులకు మారుగా తుపొలెవ్ పనిచేయుచున్న చెరసాలకు పంపబడెను. చదువరులు ఆశ్చర్యపడవలదు: విమాననిర్మాతయగు ఆ తుపొలెవును ఖైదీయే. గురుశిష్యులు కావలివాండ్ర నడుమ విమానములకు నమూనాలు గీచిరి. 1942లో కొరొల్యోవును కజానునకు మార్చి, అచ్చటి చెరసాలలో గ్లుష్కో క్రింద నియమించిరి. 1944 జూలైలోగాని ఆయనకు విడుదల రాలేదు.

ఇచ్చట ఒక లెక్క చూడవలసియున్నది. కొరొల్యోవ్ నిర్బంధమున గడిపిన ఆ యారేండ్లలోనే, 1942 అక్టోబరు 3వ తేదీన, జర్మనీవారి మహారాకెట్టు బాల్టిక్ తీరమునుండి లేచి అంతరిక్షపు టంచును ముట్టెను. అంతకు తొమ్మిదేండ్లు ముందే తన రాకెట్టును ఎగురవేసిన రష్యా ఆ నాటికి వెనుకబడియుండెను. శత్రువులు చేసిన నష్టము గాదిది, స్వహస్తములతో చేసికొన్నది. 1945లో అదే ప్రభుత్వము అదే ఖైదీకి సైనికోద్యోగి దుస్తులు తొడిగి, జర్మనుల విద్యను నేర్చుకొని రమ్మని పంపెను. నార్డ్‌హౌసెను చెంత కొండలోపల తొలిచిన సొరంగములలో ఆ రాకెట్టులను కట్టినవారును ఖైదీలే. వారిలో వేలకొలది జనులు ఆకలితోను, హింసతోను మరణించిరి. ఆ పనికి అధినాయకుడగు ఫాన్ బ్రౌన్ అప్పటికే అమెరికావారికి లోబడియుండెను. ఈ విషయమున ఏ పక్షమువారి చేతులును శుభ్రముగా లేవని చెప్పక తప్పదు.

1946లో మాస్కో చెంత పొద్‌లిప్‌కీలో నెలకొల్పిన సంస్థలో కొరొల్యోవ్ ప్రధాన శిల్పి యయ్యెను. మొదట జర్మను రాకెట్టునకు ప్రతిబింబము చేయుమని ఆజ్ఞ. ఆయనకది యిష్టము లేకపోయినను చేసెను. 1948 అక్టోబరులో అది విజయవంతముగా ఎగిరెను. తరువాత ఒకదానికంటె నొకటి పెద్దదిగా పెంచుకొనుచు పోయి, 1957లో ఏడవదానిని సిద్ధపరచెను.

ఈ యేడవ రాకెట్టును గూర్చి కొంత చెప్పవలెను. రష్యావారి అణుబాంబు మిక్కిలి బరువు; దానిని సముద్రముల ఆవలికి విసరవలెనన్న ఇంజను ఒక్కటి చాలదు. ఒకదానిపై నొకటి అంతస్తులుగా పేర్చినచో, పై ఇంజను ఆకాశమున వెలుగునో లేదో యని సంశయము. అందువలన కొరొల్యోవ్ నడుమ నొక స్తంభమును నిలిపి, దాని చుట్టును నాలుగు స్తంభములను కట్టించి, అయిదింటిని నేలమీదనే ఒకమారు వెలిగించు పద్ధతిని స్వీకరించెను. గ్లుష్కో చేసిన ఇంజను ఒక్కొక్కదానికి నాలుగు మంటగదులు, మొత్తము ఇరువది. నాలుగు ప్రక్కస్తంభములును తమ కిరసనాయిలును ప్రాణవాయువును త్రాగివేసి రాలిపోవును. నడిమిది ముందుకు సాగును. నేలపై దీనిని పాదములమీద నిలుపలేదు. నడుమును నాలుగు ఇనుపచేతులు పట్టి వ్రేలాడదీసియుంచును. రాకెట్టు లేవగనే ఆ చేతులు పూరేకులవలె విచ్చుకొనును. 1957 మే నెలలో మొదటి ప్రయత్నము చెడెను; ఆగస్టు 21వ తేదీన ఫలించెను. అమెరికావారి బాంబు తేలికయగుటచే వారి రాకెట్టులు చిన్నవయ్యెను. రష్యావారి బాంబు బరువే వారికి ఆకాశమున కలిసివచ్చెను.

ఈ విజయమునకు కొలది నెలల ముందు, 1957 ఏప్రిలులో, పందొమ్మిదేండ్ల క్రిందటి నేరము అబద్ధమని న్యాయస్థానము ప్రకటించెను. అనగా ఆ పదునొకండేండ్లు రాజ్య రక్షణాయుధమును నిర్మించినవాడు చట్టమునుబట్టి ద్రోహియే!

పిమ్మటి కథ లోకవిదితము, త్వరగా ముగింతుము. శాస్త్రజ్ఞులు కోరిన బరువైన ఉపగ్రహము ఆలస్యమగుచున్నదని చూచి, ఆయన 58 సెంటీమీటర్ల గోళమును, 83.6 కిలోగ్రాముల బరువుతో, శీఘ్రముగా చేయించి 1957 అక్టోబరు 4వ తేదీన ప్రయోగించెను. నెల తిరుగకముందే కుక్కను పంపిరి. 1959లో ఒక యంత్రము చంద్రుని తాకెను. వేరొకటి మనకు ఎన్నడును కనబడని చంద్రుని వెనుకప్రక్కను ఛాయాచిత్రము దీసెను. 1961 ఏప్రిల్ 12వ తేదీన గగారిన్ 108 నిమిషములలో భూమిని చుట్టివచ్చెను. గగారినును మాస్కో వీధులలో ఊరేగించిన దినమున కొరొల్యోవునకు ఆ గౌరవములో భాగము లేదు. ఆయన పత్రికలకు వ్యాసములు వ్రాసినను ఆచార్య సెర్గేయెవ్ అను మారుపేరుతోనే వ్రాయవలసివచ్చెను.

ఆయన దోషములను మేము దాచదలచలేదు. కోపిష్ఠి, క్రిందివారిని తిట్టిపోసి, మరుదినము మరచిపోవు స్వభావము. అధికారుల తొందరకు లొంగి, 1964 అక్టోబరులో ముగ్గురు మనుష్యులను రక్షణ దుస్తులైనను లేకుండ ఇరుకు నౌకలో పంపెను. అమెరికాకంటె ముందు ముగ్గురిని పంపితిమనుట తప్ప దానికి వేరు ప్రయోజనము స్వల్పము. వారు క్షేమముగా తిరిగివచ్చిరి. తిరిగిరాకున్నచో మేమీ వ్యాసమును వేరువిధముగా వ్రాసియుందుము.

మా దృష్టిలో కొరొల్యోవుని నిజమైన ఘనత ఈ పందెములలో లేదు. 1962 ప్రాంతమున ఆయన ఒక ఆలోచన చేసెను. చంద్రుని చుట్టివచ్చు నౌకను ఒక్కమారుగా ఎత్తగల రాకెట్టు చేతలేదు. అయిన నేమి? పెండ్లిపందిరిని ఎవ్వరును వేరొకచోట కట్టి మోసికొనిరారు. గుంజలు, వాసములు, తాటాకులు వేరువేరుగా తెచ్చి ఇంటి ముంగిటనే నిలుపుదురు. అటులే మనుష్యులుండు నౌకనొకదానిని, రాకెట్టు భాగమునొకదానిని, ఇంధనము మోయు నౌకలను వేరువేరుగా కక్ష్యకు పంపి, అచ్చటనే ఒకదానితో నొకటి కూర్పవలెనని ఆయన నిశ్చయించెను. ఆ నౌకకు సొయూజ్ అని పేరిడిరి. రష్యను భాషలో దానికి కూటమి యని యర్థము. నౌకను తోక వైపునున్న ఖాళీ రాకెట్టునకు పొడవైన త్రాటితో కట్టి గిరగిర త్రిప్పి, కృత్రిమముగా బరువును పుట్టించి చూడవలెనని కూడ సంకల్పించెను; అది ఆయనతోనే పోయెను.

కాని రాజకీయము ఆలోచనకు వ్యవధి నీయలేదు. అమెరికా చంద్రునిపై దిగుటకు సిద్ధపడుచుండగా, 1964 ఆగస్టులో రష్యా ప్రభుత్వమును ఆ పందెమునకు ఆజ్ఞ యిచ్చెను. అపుడు కొరొల్యోవ్ తాను గ్రహాంతర నౌకలకును, పెద్ద కక్ష్యాకేంద్రములకును ఉద్దేశించిన మహారాకెట్టునే, చాలినంత ధనము లేకయే, చంద్రయాత్రకు సర్దవలసివచ్చెను. గ్లుష్కో అందులకు ఇంజను చేయననెను. ఆయన విషద్రవముల ఇంధనము కావలెననెను. కొరొల్యోవ్ కిరసనాయిలు విడువననెను. 1938 నాటి చెరసాలలో ఒకరిపై నొకరి పేర సంగ్రహించిన సాక్ష్యములు ఈ వైరమునకు ఎంత కారణమో చెప్పజాలము గాని, ఆ గాయము మానలేదనుట సత్యము. విమాన ఇంజనులు చేయు కుజ్నెత్సొవ్ ఆ పనికి పూనుకొనెను. చిన్న ఇంజనులు ముప్పది క్రింది అంతస్తున అమర్చిరి. వాని నన్నింటిని కూర్చి నేలపై ఒకమారు మండించి పరీక్షించు వేదికను మాత్రము కట్టలేదు. 1969 మొదలు 1972 వరకు నాలుగుమారులు ప్రయోగించిరి, నాలుగుమారులును చెడెను. 105 మీటర్ల ఆ మహాకాయపు ముక్కలు తరువాత బైకొనూరులో వస్తువులు దాచు కొట్టములకు పైకప్పులైనవి.

ఆ వైఫల్యములను చూచుటకు కొరొల్యోవ్ లేడు. 1966 జనవరి 14వ తేదీన, చిన్నదని తలచిన శస్త్రచికిత్సకు ఆరోగ్యమంత్రియగు పెత్రొవ్‌స్కీయే కత్తిపట్టగా, లోపల పెద్ద వ్రణము బయటపడి, 59 ఏండ్ల ప్రాయమున ఆయన బల్లమీదనే మరణించెను. చెరసాలలో విరిగిన దవడ సరిగా అతుకకపోవుటచే, గొంతులోనికి గాలిగొట్టము దించుట కష్టమయ్యెనని కొందరు వ్రాసియున్నారు. నాలుగవదినమున ఆయన చితాభస్మమును క్రెమ్లిన్ గోడలో నుంచిరి. అప్పటికి పేరు బయటబెట్టుటలో అపాయము లేదని ప్రభుత్వమువారు తలంచిరి కాబోలు!

చంద్రుని పందెము పోయెను. కూర్చెడి విద్య మిగిలెను. దానికిని నరబలి తప్పలేదు: 1967 ఏప్రిలులో మొదటి సొయూజ్ నౌకలో కొమరొవ్ మరణించెను. ఆ యేటి అక్టోబరు 30వ తేదీన మనుష్యులు లేని రెండు నౌకలు తమంతట తామే కక్ష్యలో కలిసికొనెను. లోకమున అట్టిది అదియే మొదలు. 1969 జనవరి 16వ తేదీన రెండు సొయూజులు కలిసి, ఇద్దరు మనుష్యులు ఒకదానినుండి వేరొకదానికి మారిరి. 1971లో మొదటి కక్ష్యాకేంద్రమగు సల్యూత్, 1986లో మీర్ ఆరంభమయ్యెను. మీరును పదేండ్లపాటు గదికి గది చేర్చి పెంచుచు, సుమారు 130 టన్నుల కట్టడముగా నిలిపిరి. 1991లో దానిపై ఇద్దరు మనుష్యులు సుమారు 14 మీటర్ల లోహపు దూలమును చేతులతో కూర్చి నిలువబెట్టిరి. 1993 ఫిబ్రవరిలో 20 మీటర్ల వెడల్పుగల పలుచని అద్దమును అంతరిక్షమున విప్పి, రాత్రివేళ భూమిపై సూర్యకాంతిని ప్రసరింపజేసిరి. 1999లో ఇంకను పెద్దదానిని విప్పబోగా, అది నౌక యొక్క తీగకు చిక్కుకొని చినిగెను. ఈ అద్దములను చేసినది కొరొల్యోవ్ నెలకొల్పిన సంస్థయే. 1998లో ఆరంభించిన అంతర్జాతీయ కేంద్రము 400 టన్నులకు మించిన బరువు గలది. పదునైదు రాజ్యములవారు భాగస్వాములుగా ముక్కముక్కగా కూర్చిరి. పోటీపడిన ఉభయ రాజ్యములును తుదకు ఆ పందిరిక్రిందనే కలిసినవి.

మనకును ఆయన రాకెట్టుతో సంబంధము కలదు. హైదరాబాదులో చదువుకొన్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3వ తేదీన అంతరిక్షమునకేగినది ఆ యేడవ రాకెట్టు వంశమునకు చెందినదానిమీదనే. దిగినది సొయూజ్ నౌకలోనే. 1988 మార్చిలో మన భూపరిశీలక ఉపగ్రహమును బైకొనూరునుండి ఎత్తినదియు ఆ వంశపు రాకెట్టే.

కొరొల్యోవ్ ఎవరివాడను తగవు నేటికిని తీరలేదు. పొద్‌లిప్‌కీ ప్రాంతమందలి పట్టణమునకు రష్యావారు 1996లో ఆయన పేరిడిరి. జితోమిరులో ఆయన పుట్టిన యింటిని ఉక్రేనియావారు ప్రదర్శనశాలగా కాపాడుచున్నారు. బ్రదికియుండగా ఆయన పేరు నెవ్వరును పలుకరాదు. ఇపుడు రెండు దేశములును తమదే యనుచున్నవి.

2024 డిసెంబరు 30వ తేదీన మన శ్రీహరికోటనుండి 220 కిలోగ్రాముల చొప్పున రెండు చిన్న ఉపగ్రహములు లేచినవి. అవి పలుదినములు ఒకదానినొకటి వెదకుచు, ఒకమారు దగ్గరకు వచ్చి మరల తొలగి, 2025 జనవరి 16వ తేదీన కక్ష్యలో కలిసికొనెను. ప్రావ్దా పత్రిక కొరొల్యోవుని పేరును ప్రకటించి అప్పటికి సరిగా 59 ఏండ్లు.